అంగడిలో చూపించిన కొబ్బరినూనె సీసా

మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన పిల్ల. ఒకప్పుడు నేను సైకిల్ తొక్కిన దారుల్లోనే ఇప్పుడు స్కూటీ మీద తిరుగుతోంది. "సార్, మా దిక్కు అందరు పొద్దుగాల లేవంగనే చెంచెడు కొబ్బరినూనె తాగుతున్నరు. ఫోన్ల ఎవరో చెప్పిండ్రట. మంచిదా, చెడ్డదా? ఒక్క ముక్కల చెప్పుర్రి" అని అడిగింది.

ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను గాని, రెండు నిమిషాల్లో ముగించాను. కొబ్బరినూనెలో ఉన్నది చాలావరకు చల్లదనానికి గడ్డకట్టే రకం కొవ్వు. అది నెత్తుటిలో చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచుతుంది. మంచి కొలెస్టరాల్‌ను కూడా కొంత పెంచుతుందంటారు. కాని దానివల్ల గుండెకు మేలు జరిగిందని ఎవరూ గట్టిగా రుజువు చేయలేదు. కాబట్టి దాన్ని మందులా తాగడం తెలివితక్కువ పని. ఫోన్లో సీసాలమ్మే పెద్దమనుషులు చెప్పినట్టు అది మతిమరుపునూ షుగరునూ తరిమికొట్టదు. అలాగని, తాతల నాటినుంచి కూరలో వేసుకుంటూ, ఒళ్ళు వంచి పనిచేసుకుంటూ బతికేవాళ్ళు దాన్ని చూసి పారిపోనక్కర్లేదు. కొద్దిగా వాడుకోవచ్చు. గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టరు మాట వినాలి. ఇప్పటికి నాకు తెలిసినంతలో ఇది సరైన జవాబు.

ఇప్పటికి నాకు తెలిసినంతలో. ఈ మూడు మాటలు నేర్చుకోవడానికి నేను ఒక పసిపిల్ల ప్రాణం మీదికి తెచ్చాను. మీరు అంత పని చేయకుండా నేర్చుకోవాలని ఇది రాస్తున్నాను. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది మీకోసం కాదు.

అరవై తొమ్మిదిలో నాకు ఇరవై ఆరేళ్ళు. చేవెళ్ళ ఆరోగ్య కేంద్రంలో ఆరోగ్య బోధకుడిని. సైకిల్ మీద ఊళ్ళు తిరిగి, టీకాలు ఎందుకు వేయించుకోవాలో, బావిలో బ్లీచింగ్ పొడి ఎందుకు చల్లాలో, నిండు కడుపులతో ఉన్న తల్లులు ఏం తినాలో చెప్పడం నా పని. నాకు అది ఉద్యోగంలా కాకుండా యుద్ధంలా ఉండేది. మా వయసువాళ్ళం కొందరం చేవెళ్ళలో శనివారం శనివారం చర్చ పెట్టుకునేవాళ్ళం. తాయెత్తులు, దిష్టి తీయడాలు, ముహూర్తాలు, పసిపిల్లల పొట్టల మీద వాతలు పెట్టడాలు, వీటన్నిటినీ వరుసగా నిలబెట్టి నరికేవాళ్ళం. నరకడంలో నాకు మంచి పేరుంది. వాదనలో ఓడిపోయిన మనిషి మనసు మార్చుకుంటాడని అప్పుడు నిజంగా నమ్మేవాణ్ణి.

మా డాక్టరు పాత హైదరాబాదీ. అందరూ డాక్టర్ సాబ్ అనేవాళ్ళు. నా ఉపన్యాసాలు విని, "మియా, నువ్వు వకీలు కావాల్సినోనివి. తోవ తప్పి దవాఖానకొచ్చినవ్" అనేవాడు. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమ చేసుకునేవాణ్ణి.

మొయినాబాద్‌లో మాకు ఒక ఉపకేంద్రం ఉండేది. రెండు గదులు, ఒక వరండా. అక్కడికి ఒక మలయాళీ నర్సు వచ్చింది. హైదరాబాదు పట్నంలో నర్సు చదువు చదివి, మొదటి ఉద్యోగానికి అక్కడ దిగింది. ఒక గదిలో దవాఖాన, ఒక గదిలో ఆమె సంసారం. సంసారం అంటే ఒక ట్రంకు పెట్టె, ఒక కిరసనాయిలు పొయ్యి, ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బాడు కొబ్బరినూనె. తెలుగు మొయినాబాద్ ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంది కాబట్టి వాళ్ళలాగే మాట్లాడేది. మాట చివర మాత్రం కొంచెం సాగేది, ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు.

ఆ వరండాలోకి అడుగుపెట్టగానే కొబ్బరినూనె తాళింపు వాసన. మా కంపౌండరు మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అన్నా, నెత్తికి పెట్టుకునే నూనెతోని కూర వండుతున్నది! తిన్నంక దువ్వెన గూడ ఇస్తదా?"

ఆమెకు వినబడింది. "దువ్వెన ఉన్నది. మీ నెత్తి మీద ఎంటికలే లెవ్వు" అంది లోపలినుంచి. కంపౌండరు బట్టతల నిమురుకుని, ఆ రోజునుంచి ఆమెకు భక్తుడైపోయాడు.

మా వైపు వంటకు పల్లినూనె, నువ్వులనూనె, కుసుమనూనె. కొబ్బరినూనె తలకే. ఉపకేంద్రానికి పిల్లల్ని తెచ్చే ఆడవాళ్ళు ఆమె గిన్నెలోకి తొంగిచూసి, ముక్కు మీద వేలేసుకుని వెళ్ళేవాళ్ళు. నాకు ఆ వింత మీద ఆసక్తి లేదు. నాకు అందులో ఒక వాదన దొరికింది. పట్నం లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పత్రికలో, గడ్డకట్టే కొవ్వులు గుండె నాళాలను పూడుస్తాయని శాస్త్రజ్ఞులు అంటున్నారని చదివి ఉన్నాను. అదే ఆమెకు చెప్పాను.

"మా అమ్మమ్మ జీవితమంత ఇదే తిన్నది సార్. ఇప్పటికి రేవు మెట్లు దిగి నీళ్ళు తెస్తది" అంది ఆమె.

"ఒక్క ముసలామె సాక్ష్యం కాదు సిస్టర్. చుట్ట తాగి తొంభై ఏళ్ళు బతికినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. చుట్ట మంచిదా?"

నా మాట తప్పు కాదు, ఈ రోజు కూడా అదే చెబుతాను. ఆమె కంచంలో అరటికాయ వేపుడు పెట్టి ఇచ్చింది. తిన్నాను. అంత బాగున్న అరటికాయ నేను అంతకుముందు తినలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే నా వాదన బలహీనపడుతుందనుకున్నాను.

ఇక ఆ పిల్ల సంగతి.

కనకమామిడిలో ఒక క్రైస్తవ కుటుంబం. తల్లీ తండ్రీ పొద్దున్నే కూలికి పోతే, ఏడాదిన్నర మనవరాలిని నాయనమ్మ చూసుకునేది. ఊరంతా ఆమెను అవ్వ అనే పిలిచేది. పిల్లకు తట్టు పోసి తగ్గింది గాని, ఆ తర్వాత విరేచనాలు పట్టుకుని ఎండిపోయింది. చర్మం కింద ఎముకలు లెక్కపెట్టవచ్చు. ఏడుపు కూడా సన్నగా, పక్క ఇంట్లోనుంచి వస్తున్నట్టు వచ్చేది. అవ్వ పథ్యం పెట్టింది. నూనె వద్దు, పప్పు వద్దు, నెయ్యి వద్దు, వట్టి గంజి. అది కుదరకపోతే పొట్ట మీద వాతలు పెట్టిస్తానంది.

నేను నాలుగుసార్లు వెళ్ళి ఆమెతో వాదించాను. పథ్యం కాదు, తిండి కావాలి అన్నాను. వాతలు పెడితే పుండు అవుతుంది, జబ్బు పోదు అన్నాను. నాలుగోసారి అవ్వ పొయ్యిలోని ఇనుప కడ్డీ తీసి చూరులో దోపింది.

"సదువుకున్నోనివి. నీకు ఎరుకే ఉంటది బిడ్డా. నువ్వు చెప్పినట్లనే చేస్త" అంది.

మా శనివారం చర్చలో దీన్ని గెలుపుగా చెప్పుకున్నాను. ఒక ముసలామె తన జీవితకాలపు నమ్మకాన్ని పక్కన పెట్టి నా చేతిలో ఏం పెట్టిందో ఆలోచించలేదు.

ఆ చలికాలంలోనే ఉద్యమం రాజుకుంది. మా ఉద్యోగాలు మాకు, మా నీళ్ళు మాకు, నాన్-ముల్కీలు, అంటే బయటి ప్రాంతాలవాళ్ళు, వెళ్ళిపోవాలి అని పట్నంలో విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చారు. నేను సెలవు పెట్టి వెళ్ళి ఊరేగింపుల్లో నడిచాను. గొంతు పోయేదాకా అరిచాను. అందులో నాకు పశ్చాత్తాపం లేదు, ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు వేడెక్కుతుంది. కాని బస్సులు ఆగిపోయాయి. పిల్లలకు పంచడానికి పట్నంనుంచి రావాల్సిన పాలపొడి సంచులు రాలేదు.

నేను లేని ఆ మూడు నాలుగు వారాల్లో నర్సు ఒక పని చేసింది. డాక్టర్ సాబ్‌ను అడిగి, ఆ కనకమామిడి పిల్లకు జొన్న జావలో పెసరపప్పు, బెల్లం కలిపి, దాంట్లో అర చెంచా కొబ్బరినూనె వేసి రోజుకు నాలుగైదుసార్లు తాగించమంది. అవ్వ ఇంట్లో ఏ నూనే లేదు. తన డబ్బాలోనుంచే సీసాలో పోసి ఇచ్చింది. వారానికోసారి అంగడి నుంచి తరాజు తెప్పించి, ఒకవైపు బట్ట ఊయల కట్టి పిల్లను తూచేది. మూడు వారాలు వరుసగా బరువు పెరిగింది. ఈ సంగతి నాకు తెలియదు. పట్నంనుంచి తిరిగొచ్చినవాణ్ణి, మొదట ఆ ఇంటికి వెళ్ళి పిల్ల ఎట్లా ఉందో చూడాలి. చూడలేదు. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది కాబట్టి నేరుగా మొయినాబాద్‌లో వారం వారం జరిగే అంగడికి బయల్దేరాను.

అంగడి రోజు జనం ముందు ఆరోగ్యం గురించి మాట్లాడటం నాకు అలవాటు. ఆ ఉదయం చలి గట్టిగా ఉంది. దారిలో ఉపకేంద్రం దగ్గర ఆగాను. కిటికీలో ఆమె నూనె సీసా, తెల్లగా రాయిలా గడ్డకట్టి ఉంది. చూడగానే నా బుర్రలో దీపం వెలిగింది.

"సిస్టర్, జర ఆ సీసా ఇస్తారా? చిన్న పని ఉంది."

"తీసుకోండ్రి సార్" అంది. ఎందుకని కూడా అడగలేదు.

అంగడి మధ్యలో ఎత్తు మీద నిలబడి సీసాను తలకిందులు చేశాను. ఒక్క చుక్క జారలేదు.

"చూసిండ్రా? ఇంత చలికే ఇది రాయి అయింది. దీన్ని తింటే లోపల ఏమైతది? మీ గుండెకు నెత్తురు పోయే సన్నని గొట్టాల్లో గిట్లనే గడ్డకడ్తది. ఇది తలకు పెట్టుకునేది. కడుపులకు విషం."

జనం "అమ్మో" అన్నారు. ఒకతను ముందుకొచ్చి సీసాను వేలితో తట్టి చూశాడు. బస్సులు ఆపుతున్న కుర్రాళ్ళు వెనక నిలబడి ఉన్నారు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విని ఇంకో వాక్యం అన్నాను. "ఎక్కడెక్కడినుంచో వచ్చినోళ్ళ అలవాట్లు మనకెందుకు?" ఆ వాక్యం నేను అనుకుని వెళ్ళింది కాదు. చప్పట్లే నా చేత అనిపించాయి. కాని నోరు నాదే.

గుంపులో అవ్వ ఉంది. ఉప్పు కొనుక్కోవడానికి వచ్చింది. నేను చూడలేదు.

సీసా తీసుకెళ్ళి నర్సుకు ఇచ్చేశాను, మంచి మర్యాదగా.

తొమ్మిది పది రోజుల తర్వాత మళ్ళీ మొయినాబాద్ వెళ్ళాను. ఆమె వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. లేవలేదు. పక్కన అదే సీసా, అప్పుడూ గడ్డకట్టే ఉంది.

"ఈ సీస జర చేతుల పట్టుకోండ్రి సార్."

పట్టుకున్నాను. ఆమె రిజిస్టరు తెరిచి, ఆ వారం ఎవరెవరికి టీకాలు వేసిందో చదవడం మొదలుపెట్టింది. మామూలు గొంతుతో, ఒక్కొక్క ఇంటి పేరూ. నేను అవునంటూ విన్నాను. చదవడం అయ్యాక, "ఇప్పుడు చూడండ్రి" అంది.

నా అరచేయి తగిలినంత మేరా నూనె కరిగి, మధ్యలో తెల్లటి ముద్ద తేలుతోంది.

"మీ చెయ్యే ఇంత వేడిగున్నది. గుండె ఇంకా వేడి కాదా సార్? మనిషి లోపట నూనె చలికి ఎట్ల గడ్డకడ్తది?"

సీసాలో గడ్డకట్టినట్టు ఒంట్లో గడ్డకట్టదు. కొవ్వు గుండెకు చేసే చెరుపు వేరే దారిలో, ఏళ్ళ తరబడి జరుగుతుంది. అది నాకు తెలుసు. పత్రికలోనూ అలాగే ఉంది. అంగడిలో అలా చెబితే ఎవరూ "అమ్మో" అనరు. అందుకని ఒక గారడీ చేశాను. తాయెత్తు కట్టేవాడు చేసే పనీ అదే. మాటతో ఒప్పించే ఓపిక లేనివాడు కంటికి ఏదో చూపిస్తాడు.

నేను ఇంకా సీసా వైపే చూస్తుంటే ఆమె అంది: "కనకమామిడి పిల్ల బరువు తగ్గింది సార్. మల్ల విరేచనాలు. కాళ్ళు ఉబ్బినయ్. అవ్వ నూనె బంద్ చేసింది. మీరు విషం అన్నరంట."

అప్పుడు తెలిసింది నాకు, ఆ నూనె ఆ ఇంటికి వెళ్ళిందని.

డాక్టర్ సాబ్‌ను జీపులో కనకమామిడికి తీసుకొచ్చాను. ఆయన పిల్ల పాదం మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది. పట్నం పిల్లల దవాఖానకు పంపాలి, కాని ఆ రోజు దారిలో రాళ్ళు, మంటలు, కర్ఫ్యూ. "తోవ బంద్. ఏమున్నా ఇక్కడనే చెయ్యాలె" అన్నాడు. మందు ఇచ్చాడు. మళ్ళీ కొద్దికొద్దిగా ఆ జావే మొదలుపెట్టమన్నాడు. బయటికి వచ్చి జీపు పక్కన నిలబడి నాతో ఒక్క మాట అన్నాడు.

"గుండె జబ్బు వస్తదని చెప్పినవ్. జరూర్ రావచ్చు మియా, యాభై ఏండ్లు బతికితే. ఈ పిల్ల ముందుగాల యాభై రోజులు బతకాలె గదా?"

ఏ నూనె అయినా ఈ పిల్లకు బలమేనని, ఇది చెడిన పేగుకు కూడా తొందరగా ఒంటబడుతుందని, పైగా ప్రస్తుతం దొరికేది ఇదొక్కటేనని తర్వాత వివరంగా చెప్పాడు. ఆ వివరం నాకు అక్కర్లేకపోయింది. యాభై రోజుల మాట చాలు.

అవ్వ దగ్గరికి వెళ్ళాను. నేను చెప్పింది తప్పు, నూనె మళ్ళీ వేయి అన్నాను. అవ్వ నా వెనక నిలబడ్డ నర్సును చూసింది, నన్ను చూసింది.

"అంగట్ల గంతమంది ముందర ఇషం అంటివి. మా ఇంట్ల సీస గూడ గట్లనే గడ్డకట్టి ఉండె. భయమై పెంటల పారేసిన. గిప్పుడు మా ఇంట్ల కొచ్చి చెవుల చెప్తున్నవ్. ఈ నర్సమ్మ నిన్ను బతిలాడిందా, నౌకరి పోతదని?"

"లేదవ్వా. నిజంగానే నాది తప్పు."

"తప్పైతే గంతమంది ముందరనే అను. అప్పుడు నమ్ముత."

నర్సు నేల చూస్తోంది. ఉపకేంద్రం గోడ మీద అప్పటికే ఎవరో ఆమెను వెళ్ళిపొమ్మని బొగ్గుతో రాశారు. నా చివరి వాక్యానికి అది కొనసాగింపు అని నాకు తెలుసు. ఆమె ఆ మాట ఎత్తలేదు.

అంగడికి ఇంకా అయిదు రోజులున్నాయి. పిల్లకు అన్ని రోజుల వ్యవధి లేదు. మర్నాడు ఆదివారం. అవ్వకు తెలిసిన జనమంతా ఒకచోట చేరేది చర్చిలోనే. నేను ప్రార్థనలకు వెళ్ళేవాణ్ణి కాదు. ప్రార్థనలను ఎగతాళి చేస్తూ శనివారం చర్చలో ఒక మధ్యాహ్నమంతా మాట్లాడినవాణ్ణి. పాస్టరు గారిని కలిసి, ఆరాధన అయ్యాక నాకు కాసేపు ఇవ్వమని అడిగాను. ఆయనకు నా ఆ శనివారపు ఉపన్యాసం గురించి తెలుసు. "తప్పు ఒప్పుకునేటందుకే గదా సార్ మేం గీడ కూడేది. రార్రి" అన్నాడు. అంత మెత్తగా నన్ను ఎవరూ కొట్టలేదు.

పాటలు అయ్యేదాకా బయట నిలబడ్డాను. తర్వాత జనం ఆవరణలోకి వచ్చారు. వెనక ఉద్యమం కుర్రాళ్ళు కొందరున్నారు. నా వాళ్ళే, నాతో కలిసి నడిచినవాళ్ళే. నర్సు ఆడవాళ్ళతో కలిసి గోడ పక్కన కూర్చుంది. అవ్వ ఒళ్ళో పిల్ల.

రెండు వాక్యాలు చెప్పానో లేదో వెనకనుంచి ఒకడు అరిచాడు.

"అన్నా, మొన్న ఇషం అంటివి. ఇయ్యాల అమృతం అంటవా? ఏం, నాన్-ముల్కీ నర్సు ఏమన్న తినిపిచ్చిందా?"

నవ్వులు. ఆ నవ్వులు ఆగనిచ్చి చెప్పాను.

"తినిపించింది. అరటికాయ వేపుడు. చాలా బాగున్నది. ఇది అమృతం కాదు తమ్మీ. విషం కాదు. నూనె. కడుపు నిండ తిని కూర్చుండేటోనికి ఎక్కువైతే చెరుపు. ఎండిపోయిన ఈ పిల్లకు బలం. మొన్న నేను చలికి గడ్డకట్టింది చూపించి మిమ్మల్ని భయపెట్టిన. ఒంట్లో అట్ల గడ్డకట్టదు. అది నాకు ఎరుకే. ఎరికుండి చూపించిన. ఇంకొక మాట గూడ అన్న, ఎక్కడినుంచో వచ్చినోళ్ళ అలవాట్లని. ఈ పిల్ల మూడు వారాలు పెరిగింది ఆ అలవాటుతోనే. తగ్గింది నా మాటతోని."

అవ్వ లేచింది.

"మరి గిప్పుడు చెప్పేది గూడ తప్పైతే?"

నా జీవితంలో నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో ఇంతకు మించింది లేదు. ఎన్ని చర్చల్లో గెలిచానో, అన్నిటిలో నాకు ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు, నేనూ వేసుకోలేదు.

"కావచ్చు అవ్వా. అందుకే తూచి చూద్దాం. వారం కాదు, మూడు రోజులకోసారి. తగ్గితే నువ్వే బంద్ చెయ్యి. నా మాట వినకు, తరాజు మాట విను."

అవ్వ పిల్లను భుజం మీదికి ఎత్తుకుంది. "అయితే నువ్వే వచ్చి నా పొయ్యి కాడ కూసుండు. నీ చేతులతోనే తాపు. ఏమైనా అయితే ఇద్దరం కలిసి ఏడుద్దాం."

వెళ్ళాను. దాదాపు నెల రోజులు రోజూ వెళ్ళాను. చేవెళ్ళలో చీకటి విడవగానే సైకిలెక్కితే, ఎండ పొడిచేసరికి కనకమామిడి. మొయినాబాద్ వైపునుంచి ఆమె నడిచి వచ్చేది, చేతిలో చిన్న సీసా. అవ్వ జావ కాచేది. ఆమె పిల్ల తలను మోచేతి వంపులో పెట్టుకునేది. నేను చెంచాతో పోసేవాణ్ణి. మొదటి రోజుల్లో సగం బయటికే వచ్చేది. "తొందరపడొద్దు సార్. మింగనియ్యండ్రి" అనేది. నేను ఆగేవాణ్ణి. నన్ను ఆగమని అంతకుముందు ఎవరూ చెప్పినట్టు గుర్తు లేదు.

మొదటి తూకంలో పిల్ల ఇంకా తగ్గింది. అవ్వ నన్ను చూసింది. డాక్టర్ సాబ్ ముందే చెప్పాడు, ఉబ్బు దిగుతుంటే మొదట బరువు తగ్గవచ్చని. చెప్పాను. అవ్వ పాదం నొక్కి చూసుకుంది. గుంట లేదు. ఏమీ అనకుండా పొయ్యి రాజేసింది. రెండో తూకంలో ముల్లు కదలలేదు. మూడోసారి ఊయల కొంచెం కిందికి వంగింది. ఇంచుమించు ఒక గుప్పెడు బియ్యమంత. ముగ్గురం ఆ తరాజు చుట్టూ గొంతుక్కూర్చుని చూశాం. ఏ సభలో చప్పట్లూ ఆ వంపుకు సాటిరావు.

ఒక ఉదయం నేను చెంచా ముంచడం ఆలస్యం చేస్తే, పిల్ల చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుని తన నోటి వైపు లాక్కుంది. బలంగా. నర్సు నవ్వింది. ఆమె నవ్వుతూ నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. అవ్వ మాత్రం, "చూస్తుంటే కడుపు నిండది. తాపుర్రి" అంది.

మీకు చెప్పకపోతే అబద్ధమవుతుంది. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో తిరిగి కావాలనుకునేది ఆ నెల ఒక్కటే. పొగ, పొద్దుటి చలి, ఆమె జడనుంచీ ఆ జావనుంచీ వచ్చే ఒకే వాసన. తర్వాత నేను పెద్ద పోస్టుల్లో పనిచేశాను, వేదికలెక్కాను, మూఢనమ్మకాల మీద చాలా రాశాను. ఆ పొయ్యి పక్కన కూర్చున్నంత బుద్ధిగా ఎక్కడా కూర్చోలేదు.

వానలు పడేనాటికి పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది. పెంకులు ఏరుకుని నోట్లో పెట్టుకుంటోందని అవ్వ తిడుతోంది. నర్సు గదిలోని డబ్బా ఎప్పుడో ఖాళీ అయింది. పిల్ల ఇప్పుడు పల్లినూనెతోనే పెరుగుతోంది, అది కూడా హాయిగానే పడింది. కొబ్బరినూనెలో మహిమ ఉందని చెప్పుకోవడానికి అలా నాకు అవకాశం లేకుండా పోయింది.

పట్నంలో కాల్పులు, చావులు. ఆ వార్తలు చదివి నర్సు తండ్రి ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. గోడ మీద బొగ్గు రాతలను కంపౌండరు తుడిచేశాడు. ఆమెకు భయం లేదు. తండ్రికి ఉంది. డాక్టర్ సాబ్ ఆమె రాజీనామా కాగితాన్ని రెండు రోజులు బల్ల సొరుగులో దాచి, మూడో రోజు సంతకం పెట్టాడు.

ఆమె వెళ్ళిన ఏడాదికి జిల్లా ఆఫీసులో చిరునామా అడిగాను. వాళ్ళ దగ్గర ఉన్నది పట్నంలోని నర్సుల హాస్టలు చిరునామా. అక్కడ అడిగితే ఆమె ఎవరో వాళ్ళకు గుర్తులేదు. తన ఊరి సంగతి ఆమె నాకు చెప్పకుండా వెళ్ళలేదు. చెప్పింది. మొయినాబాద్‌లో బస్సు దగ్గర, సన్నగా జల్లు పడుతుండగా.

ట్రంకు పెట్టెను కంపౌండరు పైకెక్కించాడు. నేను ఆమెకు ఉండిపోవడానికి కారణాలు చెప్పాను, వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ. ఉద్యమం మీలాంటి వాళ్ళ మీద కాదు. ఇక్కడి ఆడవాళ్ళు మిమ్మల్ని తప్ప ఎవరినీ నమ్మరు. కొత్త నర్సు రావడానికి ఏడాది పడుతుంది. డాక్టర్ సాబ్ ముసలివాడైపోయాడు. అవ్వ ఏడుస్తోంది.

ఆమె అన్నీ విన్నది. నవ్వింది.

"అయిదేనా సార్?"

ఆరోది ఉంది. దానికి మాటలు వెతుక్కుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి, ఏ మాట ముందు, ఏది తర్వాత. ఆమె ఆగి చూసి, తన ఊరికి ఎట్లా రావాలో చెప్పడం మొదలుపెట్టింది. ఏ స్టేషన్లో దిగాలి, అక్కడినుంచి ఏ బస్సు, ఎక్కడ నిలబడి ఎవరి ఇల్లని అడగాలి. రమ్మని అనలేదు. దారి మాత్రం చెప్పింది, మెల్లగా, రాసుకునేవాడికి చెప్పినట్టు. నేను తల ఊపుతూనే ఉన్నాను, లోపల నా వాక్యం కుదుర్చుకుంటూ.

కండక్టరు గంట కొట్టాడు. ఆమె ఎక్కింది. బస్సు పట్నం వైపు మలుపు తిరిగాక నా వాక్యం కుదిరింది. ఆమె చెప్పిన దారి వెతికితే, నా చెవిలో ఒక్క మాటే మిగిలి ఉంది. చివర పడవ ఎక్కాలట.

ఏ నది మీదనో నేను వినలేదు.